టెలివిజన్ పెట్టెలో చేపలు

ఉపయోగం తీరిన వస్తువును ఏమి చేయాలన్న ప్రశ్న ప్రతి ఇంటికీ ఎదురవుతుంది, ప్రతి విద్యాసంస్థకూ ఎదురవుతుంది. ఇనుపసామాను తూకానికి పోతుంది. పాత కాగితాలు పొట్లాలవుతాయి. విరిగిన బెంచీలు వంటచెరకవుతాయి. కాని మా కళాశాల సామాను గదిలో ఒక మూలను ఎన్నో సంవత్సరాలుగా ఆక్రమించుకొని ఉన్న టెలివిజన్ పెట్టె మాత్రం ఈ మార్గాలలో దేనికీ లొంగలేదు. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వారు తయారుచేసిన ఈ.సి. టీవీ అది. నాలుగు కాళ్లపై నిలిచే చెక్కపెట్టె, ముందుభాగంలో రెండు ప్రక్కలకు జరిగే పలకల తలుపులు, వాటికొక చిన్న తాళం. టెలివిజన్‌కు తలుపులేమిటి, తాళమేమిటి అని నేటి విద్యార్థులు ఆశ్చర్యపోవచ్చును. ఒకనాడు అది నగలతో సమానంగా భద్రపరచవలసిన వస్తువు.

1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందించిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడ ఒకటి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ఆరంభమైనది. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘం వారు కళాశాల విద్యార్థుల కొరకు 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' అనే పాఠ్య ప్రసారాలు మొదలుపెట్టారు. మా పెట్టె ఆ ఉత్సాహపు రోజుల జ్ఞాపకం. దాని బొమ్మ ఎప్పుడో ఆగిపోయినా, పెట్టె చెక్కకు చెదపట్టలేదు. అలాంటి దానిని పారవేయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

దీనిలో చేపలు పెంచుదామన్న ఆలోచన మా జంతుశాస్త్ర ఉపన్యాసకులది. తెలుగు పాఠాలు చెప్పుకొనే మేము అందులో ఎట్లా చేరామంటే, తాళపుచెవి మా వద్ద ఉండుట వలననే. పేరు ఏమి పెట్టాలన్న చర్చ పనికంటె ముందే మొదలైనది. ఉర్దూ విద్యార్థులు 'మఛ్లీఘర్' అన్నారు. చేపల ఇల్లు అనే ఆ మాటలో ఒక ఆత్మీయత ఉన్నది. మేము జలచరశాల, మత్స్యాగారం వంటి మాటలు తలచి, అవి నోటికి బరువని విడిచిపెట్టాము. ఇంతలో మా అటెండరు దానిని 'చేపల టీవీ' అన్నాడు. ఆ పేరే నిలిచినది. నిఘంటువులు ఎన్ని ఉన్నా మాటను పుట్టించే అధికారం వాడేవారిదే గదా!

గాజుపాత్రలో నీటి ప్రాణులను నిలిపి చూడాలన్న కోరిక కొత్తది కాదు. 1832లో సిసిలీ ద్వీపంలో జాన్ విల్‌ప్రో-పవర్ అనే ఫ్రెంచి మహిళ సముద్రజీవుల పరిశీలనకై గాజుతొట్లు చేయించినది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు లండన్ కెమికల్ సొసైటీకి ఒక ముచ్చటైన ప్రయోగాన్ని నివేదించాడు. గాజుపాత్రలో రెండు చిన్న బంగారు చేపలనూ, వాలిస్నేరియా అనే నీటిమొక్కనూ ఉంచాడు. మొదట అంతా బాగానే ఉన్నది. పిదప ఆకులు కుళ్లి నీరు చెడసాగినది. అప్పుడాయన నీటినత్తలను వేశాడు. అవి కుళ్లిన ఆకులను తిని పాత్రను నిలబెట్టాయి. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల కొరకు చేపల శాల తెరిచారు. మరుసటి సంవత్సరం వెలువడిన ఫిలిప్ హెన్రీ గాస్ గ్రంథంతో 'అక్వేరియం' అనే మాట లోకప్రచారం పొందినది. మా దృష్టిలో వీరందరిలో వారింగ్టన్ ప్రయోగమే గొప్పది. పాత్ర అందం గురించి కాక, పాత్రలో ఎవరు ఎవరిని బ్రతికిస్తున్నారు అని ఆయన అడిగాడు.

మా పని మాత్రం పాత్రతోనే మొదలైనది. టీవీ లోపలి పిక్చర్ ట్యూబు సామాన్యమైన గాజుబుడ్డి కాదు. దానిలో గాలి ఉండదు. పగిలితే గాజు లోపలికి విరుచుకుపడి మరల బయటికి చిమ్ముతుంది. గాజులో సీసం కలిసి ఉంటుంది. కరెంటు తీసిన తరువాత కూడ ట్యూబులో విద్యుత్తు నిలిచి ఉండే అవకాశం ఉన్నది. విద్యార్థులు స్క్రూడ్రైవర్లతో సిద్ధమైనప్పటికీ మేము వారిని ఆపి, బస్టాండు దగ్గర రేడియోలు, టీవీలు బాగుచేసే ఉస్తాదును పిలిపించాము. ఆయన ఒక తీగను భూమికి కలిపి, ట్యూబు ప్రక్కనున్న రబ్బరు మూత క్రింద ముట్టించి, "పదేండ్ల సంది కరెంటు లేకున్నా దీన్ని నమ్మొద్దు సార్" అన్నాడు. ఆ జాగ్రత్త పదేండ్ల తరువాత అవసరమో కాదో గాని, దానిలోని వృత్తి మర్యాద మాకు నచ్చినది. ట్యూబును పగలగొట్టకుండ గోనెసంచిలో చుట్టి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించే వారికి అప్పగించాము.

ఖాళీ అయిన పెట్టెలో నేరుగా నీరు పోయరాదు. లోపల ఇమిడే విధంగా 45 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 30 ఎత్తు గల గాజుతొట్టి చేయించాము. 5 మిల్లీమీటర్ల అద్దం. అంచులకు సిలికాన్ జిగురు. ఆ జిగురు ఆరేటప్పుడు వెనిగర్ వంటి పుల్లని వాసన వస్తుంది. ఆ వాసన పోయేదాక రెండు రోజులు ముట్టుకోరాదు. ఆ పిదప తొట్టిని ఆవరణలో నీటితో నింపి ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి, కారుట లేదని తేల్చుకొన్నాము. నీరు లీటరుకు ఒక కిలో. గాజు, రాళ్లు, నీరు కలిసి బరువు నలభై కిలోలు దాటుతుంది. పెట్టెకున్న సన్నని కాళ్లు దానిని మోయలేవు. కనుక కాళ్లు తీసివేసి షాబాదు బండ పరచిన గట్టుపై ఉంచాము. పైచెక్కను మూతవలె తెరుచుకొనేటట్లు కీలు వేయించి, దాని క్రింద తడి తగలని చోట చిన్న ఎల్.ఇ.డి. దీపం పెట్టించాము. వెనుక అట్టను పూర్తిగా తొలగించాము. స్పీకరు జాలీ మాత్రం అలాగే ఉన్నది. ఒకనాడు అందులోనుండి మాటలు వచ్చేవి. ఇప్పుడు గాలి పోతున్నది.

అడుగున పరచడానికి రాళ్లు కావలెను. కొందరు విద్యార్థులు మూసీ ఇసుక తెస్తామన్నారు. మూసీ మన ప్రక్కనుండి పారేదే అయినా, హైదరాబాదు మురుగునీటిని మోసుకొని వచ్చే నది అది. అందుచేత వద్దన్నాము. గుట్టల దగ్గర దొరికే గ్రానైటు గులకరాళ్లు ఏరి తెచ్చి, ఉడుకునీటితో కడిగాము. సున్నపురాయి కలిస్తే నీటి కాఠిన్యం పెరుగుతుంది. దానిని గుర్తించడానికి రాతిపై పులుపు ద్రవం వేసి, నురగ వచ్చినదా లేదా అని చూడవలెను. ప్రయోగశాలలో ఆమ్లం ఉన్నదన్నారు గాని, నకిరేకల్‌లో నిమ్మకాయకు కరువా? పిల్లలు ఒక్కొక్క రాతిపై నిమ్మరసం పిండి చూశారు. నురగ వచ్చిన రెండు రాళ్లను ప్రక్కకు పెట్టారు. మిగిలిన రసంలో చక్కెర, నీళ్లు కలిపి త్రాగినారని తరువాత తెలిసినది.

ఇక నీరు. కుళాయిలో వచ్చే నీటిలో క్రిములను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. మనకు రక్షణ ఇచ్చే ఆ క్లోరిన్ చేపల మొప్పలను కాల్చుతుంది. వెడల్పు తొట్లలో నీటిని పట్టి, ఒక రోజుకు పైగా తెరచి ఉంచితే క్లోరిన్ గాలిలో కలిసిపోతుంది. అట్లు నిలువ ఉంచిన నీటితో తొట్టి నింపి, నాలుగు వాలిస్నేరియా మొక్కలు నాటాము. దీపం వెలిగించి, చెక్కతలుపులు ప్రక్కకు జరిపినప్పుడు ఆ దృశ్యం నిజముగా మనోహరంగా ఉన్నది. నీరు ఉన్నదో లేదో తెలియనంత నిర్మలంగా ఉన్నది. చూడవచ్చిన వారందరూ "చేపలెప్పుడు?" అని అడిగారు.

చేపలకు ఇంకా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుందని జంతుశాస్త్ర ఉపన్యాసకులు చెప్పారు. చేప విసర్జించే మలినం నుండి, మిగిలిన మేత నుండి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. మన ప్రాంతపు నీటికి సాధారణంగా క్షారగుణం ఎక్కువ. అటువంటి నీటిలో అమ్మోనియా మరింత ప్రమాదకరం. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. అదియు విషమే. అది రక్తంలో కలిసి, నీటి నిండా ప్రాణవాయువు ఉన్నా చేపకు ఊపిరి ఆడకుండ చేస్తుంది. మరొక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చిన తరువాతగాని నీరు నివాసయోగ్యం కాదు. ఈ రెండు మెట్లున్నవని చూపినవారిలో ముఖ్యుడు ఎవరనుకొన్నారు? పైన చెప్పిన వారింగ్టన్ కుమారుడు, తండ్రి పేరే గల రాబర్ట్ వారింగ్టన్. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనశాలలో ఆయన ఈ విషయంపై సంవత్సరాల తరబడి శ్రమించాడు. తండ్రి గాజుపాత్రలో కంటికి కనిపించకుండ జరిగిన పనిని కొడుకు పొలం మట్టిలో కనుగొన్నాడు. ఆ సూక్ష్మజీవులను వేరుచేసి చూపిన కీర్తి 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు విన్‌గ్రాడ్‌స్కీకి దక్కినది.

ఈ సూక్ష్మజీవులు బజారులో తూకానికి దొరికేవి కావు. అవి రాళ్లపై స్థిరపడి పెరగవలెను. దానికై చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనిచ్చాము. రెండవ వారంలో రసాయన శాస్త్ర విభాగం వారి సహాయంతో పరీక్ష జరిగినది. పరీక్షనాళికలోకి తీసిన నీరు స్ఫటికంవలె ఉన్నది. అందులో నెస్లర్ ద్రావకం నాలుగు చుక్కలు వేయగానే అది పసుపు తిరిగి, చూస్తుండగనే గోధుమ వర్ణానికి దిగినది. పాదరసం కలిసిన ద్రావకం కనుక ఆ నాళికలోని నీటిని మరల తొట్టిలోనికి గాని, కాలువలోనికి గాని పోయక వేరుగా భద్రపరచారు.

చుట్టూ నిలిచిన విద్యార్థులలో మర్రిగూడ వైపునుండి వచ్చి చదువుకొనే ఒక అమ్మాయి ఉన్నది. తరగతిలో నోరు తెరిచి మాట్లాడినది మేము వినలేదు. ఆనాడు ఆ గోధుమరంగు నాళికను చేతిలో పట్టుకొని, "సార్, మా నాయనమ్మ తాగిన బాయినీళ్లు గూడ గిట్లనే అద్దం లెక్క ఉండెనంట. అండ్ల ఎవ్వరు రంగుసుక్క ఎయ్యలే" అన్నది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మన నల్లగొండ జిల్లా వారికి ఈ మాటను వివరించనక్కరలేదు. ఇతర ప్రాంతాల పాఠకుల కొరకు చెప్పుచున్నాము. మన నేల క్రింది గ్రానైటు శిలలలో ఫ్లోరైడు గల ఖనిజాలున్నవి. లోతు పోయినకొద్దీ, నీరు రాతితో ఎక్కువకాలం కలిసి ఉన్నకొద్దీ అది నీటిలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే త్రాగరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయం. మన గ్రామాలలో ఎన్నో చోట్ల అది అనేక రెట్లు ఉండినది. దానికి రంగు లేదు, వాసన లేదు. మురికినీరైతే మనిషి వడపోసుకొంటాడు, కాచుకొంటాడు. ఫ్లోరైడు నీటిని కాచినకొద్దీ నీరు ఆవిరై అది మరింత చిక్కబడుతుంది. పండ్లపై గోధుమ మచ్చలు, బిగిసిన కీళ్లు, వంగిన కాళ్లు, నిటారుగా నిలువలేని వెన్నెముక — ఇవన్నీ నిర్మలమైన నీరు చేసిన పనులు. 1970ల దశకంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ వారు పటిక, సున్నం, బ్లీచింగు పౌడరులతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించి దానికి మన జిల్లా పేరే పెట్టారు. 'నల్లగొండ టెక్నిక్' అనే మాట నేడు అనేక దేశాల గ్రంథాలలో కనిపిస్తుంది. జిల్లాకు ఇటువంటి కీర్తి కలగడం సంతోషమో విచారమో తేల్చుకోవడం కష్టం. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన పథకం, మిషన్ భగీరథ పేరుతో కృష్ణానీటిని ఇంటింటికి తెచ్చినది. నీరు మారినది. అంతకుముందు వంగిన ఎముకలు మాత్రం ఆ నీటితో నిటారు కావు.

'పైన పటారం, లోన లొటారం' అని మన పెద్దలంటారు. ఆ సామెతను మేము ఎన్నోసార్లు తరగతిలో వివరించి ఉంటాము. దానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఇంతవరకు మాకు దొరకలేదు.

నాలుగవ వారంలో కళాశాల వార్షికోత్సవం వచ్చినది. అమ్మోనియా తగ్గినది గాని నైట్రైటు పరీక్షలో నీరు గులాబీరంగు తిరుగుతూనే ఉన్నది. పాలకసంఘ పెద్దలలో ఒకరు మర్యాదగానే, "సార్, చేపలు లేని చేపల టీవీని ముఖ్య అతిథికి ఎట్లా చూపించేది? ఆ ఒక్క పూటకు నాలుగు రంగుచేపలు తెప్పించండి. తరువాతి సంగతి తరువాత చూసుకొందాము" అన్నారు. వారి మాటలోనూ న్యాయం ఉన్నది. అద్దానికి, వడ్రంగానికి డబ్బిచ్చినది వారు. పదిమంది ముందు ఖాళీ తొట్టి చూపించడం ఎవరికి ఇష్టముంటుంది? కాని ఆ ఒక్క పూట తరువాత చేపల గతి ఏమిటో మాకు తెలుసు, ఆ పరీక్షలు చేసిన విద్యార్థులకూ తెలుసు. తెలిసి ఆ పని చేస్తే, మరునాడు వారి ముఖాలు చూచి పాఠం చెప్పడం మాకు సాధ్యం కాదు. గులాబీరంగు తిరిగిన పరీక్షనాళికను వారికే చూపించాము. పెద్దమనిషి దానిని వెలుతురుకు ఎత్తి చూచి, ఏమీ అనకుండ వెళ్లిపోయారు. వార్షికోత్సవం నాడు తలుపులు తెరిచిన టీవీలో మొక్కలు, రాళ్లు, నీరు మాత్రమే ఉన్నవి. ప్రక్కన బల్లపై రెండు పరీక్షనాళికలు. వాటి వెనుక మర్రిగూడ అమ్మాయి. ముఖ్య అతిథి ఆమె వద్ద అనుకొన్న సమయం కంటె ఎక్కువసేపు నిలిచారు. కొందరు చేపలు లేవని నవ్వుకొన్న మాటా నిజమే.

ఏ చేపలు వేయాలన్నది ఆ తరువాతి వివాదం. చెరువునుండి పరకలు తెస్తామన్నారు కొందరు. కొర్రమట్ట పిల్లను వేద్దామన్నారు మరికొందరు. కొర్రమట్ట మన చెరువుల రాజే. పైకి వచ్చి గాలి పీల్చుకొని బ్రతకగల మొండిప్రాణం. అయితే అది తోడిచేపలను మింగుతుంది, మూత తీసి ఉంటే దూకిపోతుంది. ముప్పది లీటర్ల నీరు దానికి జైలు. చివరకు ఆరు మగ గప్పీలను తెచ్చాము. కఠినమైన నీటిని అవి బాగా ఓర్చుకొంటాయి. ఆడవాటిని కూడ తెస్తే నెల తిరిగేసరికి పిల్లలతో తొట్టి చాలదు. ఎక్కువైన చేపలను చెరువులో వదలవచ్చునన్న సలహాను మేము ఒప్పుకోలేదు. దోమల నిర్మూలనకై 1928లో విదేశాలనుండి మన దేశానికి తెచ్చిన గంబూషియా చేపలు, మన చిన్నచేపల గుడ్లనూ పిల్లలనూ తినివేస్తున్నవని తరువాతి కాలంలో తెలిసినది గదా.

చేపలనగానే తెలుగు విద్యార్థులకు పంచతంత్రంలోని మూడు చేపలు గుర్తుకు వస్తాయి. జాలరులు వస్తారని ముందే గ్రహించి కాలువ వెంట వెళ్లిపోయినది ఒకటి. వచ్చిన తరువాత చచ్చినట్లు నటించి తప్పించుకొన్నది ఒకటి. ఏది రానున్నదో అదే వస్తుందని కూర్చొని చిక్కినది మూడవది. ఇదే కథ 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా అరబ్బీ అనువాదమైన 'కలీలా వ దిమ్నా'లోనికి పోయి, 13వ శతాబ్దంలో మౌలానా రూమీ మస్నవీ నాలుగవ సంపుటంలో పారసీ కవిత్వమైనది. మా కళాశాలలో రెండు భాషల విద్యార్థులకూ ఇది సొంత కథయే. కాని టీవీ పెట్టెలో కాలువ లేదు. ఎంత ముందుచూపు గల చేపయైనా అక్కడినుండి వెళ్లలేదు. ముందుచూపు ఉండవలసిన బాధ్యత బయట నిలిచిన వానిదే.

ఆ బాధ్యత పెద్ద విద్య కాదు. రోజుకొకసారి, రెండు నిమిషాలలో తినగలిగినంత మేత. వారానికొకసారి నాలుగవ వంతు నీరు తీసి, నిలువ ఉంచిన నీరు పోయడం. తీసిన నీరు కానుగ చెట్టుకు పోతుంది. నైట్రేటు చెట్టుకు ఎరువు. ఎండాకాలమే అసలు పరీక్ష. నీరు వేడెక్కినకొద్దీ ప్రాణవాయువును పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాములు ఇమిడేది 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు దిగుతుంది. మన నల్లగొండ ఎండల సంగతి చెప్పనేల? అందుచేత పెట్టెను ఉత్తరపు వరండాలోనికి మార్చి, మూత తీసి జాలీ పరచి, మధ్యాహ్నం దీపం వేయవద్దని నిశ్చయించాము.

సెలవులలో కాపలా చాచా మేత వేయడానికి ఒప్పుకొన్నారు. ప్రేమకొద్దీ గుప్పెడు వేస్తారేమోనన్న భయంతో ఒక్కొక్క రోజు మేతను వేరువేరు పొట్లాలుగా కట్టించాము. చాచాకు ఉర్దూ అంకెలు తప్ప రావు. మర్రిగూడ అమ్మాయి తన స్నేహితురాలి వద్ద ఆ అంకెలు నేర్చుకొని, నలభై అయిదు పొట్లాలపైనా తేదీలు తానే వ్రాసి ఇచ్చినది.